ఎగిరిపోకుండా కట్టిన ఇనుము

పెంచల్ పడవ దొరికింది గానీ పెంచల్ దొరకలేదు. కిందటి వారం మనం ఆ మాట దగ్గరే ఆగాం. ఒంటరిగా వేటకు వెళ్లిన మనిషి ఇంటికి రాక ఇవాల్టికి నలభై మూడు రోజులు. గాలించేవాళ్లు గాలించి అలిసిపోయారు. జాలరిపల్లె నడిమికుప్పంలో పెద్దలు కూర్చుని, దొరకని మనిషికి దర్భలతో బొమ్మ చేసి సాగనంపే కార్యం సోమవారం జరిపించాలని తీర్మానించారు. ఆ సంగతి రోజారమణికి చెప్పాల్సిన పని ఆమె తండ్రి కామాక్షయ్య మీద పడింది. చెబితే ఆ పిల్ల చేతి గాజులు తీయించాలి. చెప్పకుంటే ఆమెకు మాల్యాద్రి చెప్పే కథే దిక్కు.

మాల్యాద్రిది నాయుడుపేట. అక్కడ సెల్‌ఫోన్ రీచార్జి కొట్టు నడిపి, అది మూతపడ్డాక 'మూడో చూపు' అని యూట్యూబ్‌లో చానల్ పెట్టుకున్నాడు. పది రోజుల కిందట కుప్పానికి వచ్చి తుఫాను షెల్టర్‌లో మకాం వేశాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిందని చెప్పి గంట ఆకారంలో ఉన్న ఒక ఇనుప ముక్కను షెల్టర్ నడిమధ్య పెట్టించాడు. పై లోకాల నుంచి వచ్చి కూలిన ఓడ ఒకటి ప్రభుత్వాల చేతికి చిక్కిందట. దాని విద్యతో మనవాళ్లు రహస్య విమానాలు కట్టి ఈ సముద్రం మీదే ఎగరేసి చూసుకుంటున్నారట. ఈ ముక్క అలాంటి విమానానిదేనట. పెంచల్ దాన్ని కళ్లారా చూశాడు కాబట్టి అతన్ని ఎత్తుకుపోయి ఎక్కడో దాచారట. అమెరికాలో పెద్ద పెద్ద ఆఫీసర్లే బయటికొచ్చి ఇట్లాంటివి ఉన్నాయని చెబుతున్నప్పుడు మనం నమ్మడానికేం అని మాల్యాద్రి రోజూ అడుగుతున్నాడు. కుప్పంలో సగం మంది నమ్మారు. మిగతా సగం, తమ ముఖం ఫోనులో కనబడుతుంది గదా అని వెళ్లి నిలబడుతున్నారు.

కామాక్షయ్య మాత్రం ఈ పది రోజుల్లో ఆ దిక్కు తొంగి చూడలేదు. ఆయనకు ఆ కథ వింటేనే రోత.

శనివారం ఉదయం ఆయన గడపలో కూర్చుని, చిరిగిన వలను కాలి బొటనవేలికి తగిలించుకుని బాగుచేస్తున్నాడు. శనివారాలు ఆయన ఒక పూటే తింటాడు. పెంచలకోన స్వామి పేరున్న కుర్రాడు అల్లుడై వచ్చిన ఏడాది మొదలుపెట్టిన నియమం అది. అల్లుడు కనబడకుండా పోయినా నియమాన్ని వదల్లేదు. వదిలితే అల్లుడు పోయినాడని తానే ఒప్పుకున్నట్టవుతుందేమోనని ఆయన లోపలి భయం.

అప్పుడు వచ్చాడు తిమోతి. పడవల ఇంజన్లు బాగుచేసే మనిషి, కామాక్షయ్యకు పాతికేళ్ల స్నేహితుడు. కూతురి కాన్పని నెల్లూరు వెళ్లి రెండు వారాలు అక్కడే ఉండిపోయాడు. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా షెల్టర్‌కు వెళ్లి, అక్కడి నుంచి ఇటు వచ్చినట్టున్నాడు. చేతిలో సంచి అట్లాగే ఉంది.

"అన్నా, ఆ ఇనుమును చూసినావా నువ్వు?"

"ఆ రోతను నేనెందుకు చూడాల?"

"చూడాలన్నా. పై లోకమోళ్లు ఎవురోగానీ, నా చేతి వెల్డింగ్ నేర్చుకున్నట్టుండారు."

నవ్వుతూ మొదలుపెట్టిన మాట నవ్వుతో పూర్తి కాలేదు. తిమోతి సంచి కింద పెట్టి కామాక్షయ్య పక్కన కూలబడ్డాడు.

పద్దెనిమిదేళ్ల కిందటి సంగతి. ఓడలకు దారి చూపడానికి సముద్రంలో తేలేసే బోయా ఒకటి పగిలి, దాని అడుగు ముక్క ఒడ్డుకు చేరింది. కామాక్షయ్య దాన్ని దొడ్లోకి దొర్లించుకొచ్చాడు. తిమోతి దానికి ఒక ఇనుప కడియం అతికాడు. సగం పనిలో కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక అతికితే కడియం ఒక పక్కకు ఒరిగింది, అతుకు గడ్డలు గడ్డలుగా తేలింది. ఇనుమును తలకిందులుగా నిలిపి లోపల సిమెంటు పోసి, కడియానికి తాటిమట్టలు కట్టి, కామాక్షయ్య ఒక్కడే దాన్ని పడవలో తీసుకెళ్లి సముద్రంలో దించాడు. మట్టల నీడకు చేపలు చేరతాయి. ఏ చోట దించాడో ఎవరికీ చెప్పలేదు. ఆ కోస్తాలో ఎవరూ చెప్పరు. ఒడ్డు మీది రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి వచ్చేలా పడవను నిలిపితే ఆ చోటు దొరుకుతుంది. ఆ రెండు గుర్తులేమిటో అన్నదమ్ములు కూడా ఒకరికొకరు చెప్పుకోరు. కూతురి పెళ్లయిన వారానికి కామాక్షయ్య అల్లుణ్ని పడవలో కూర్చోబెట్టుకుని వెళ్లి ఆ చోటు చూపించాడు. తనకున్న ఆస్తి అదొక్కటే. ఇనుము సంగతి తిమోతికి తెలుసు. చోటు సంగతి తిమోతికీ తెలియదు.

కామాక్షయ్య చేతిలో వల అల్లే కండె ఆగిపోయింది.

"ఒడ్డుకు కొట్టుకొచ్చిందన్నాడు గదా," అన్నాడు మెల్లగా.

"సిమెంటు పోసిన ఇనుము ఎట్టా కొట్టుకొస్తదన్నా?"

కామాక్షయ్య వలను కాలి వేలినుంచి తీసి, పైపంచె భుజాన వేసుకుని లేచాడు.

షెల్టర్ ముందు కట్టిన ఫ్లెక్సీని ఆయన ఆ రోజే మొదటిసారి దగ్గరగా చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేది. కూతురి పెళ్లిఫొటోలోంచి పెంచల్‌ను కత్తిరించి అందులో పెట్టారు. రోజారమణిని తీసేశారు గానీ ఆమె చెయ్యి మాత్రం పెంచల్ భుజం మీద అట్లాగే మిగిలిపోయింది. మోచేతి దగ్గర తెగిన చెయ్యి, దానికి పెళ్లిగాజులు. ఆ పక్కనే పెద్ద పెద్ద నల్లటి కళ్లతో బూడిదరంగు తల ఒకటి పెంచల్ వైపు చూస్తోంది. ఇద్దరి మధ్య ఎర్రటి బాణం. గుడికి వెళ్లిన మనిషి అరుగు మీద ఎవరో వాంతి చేసుకుంటే చూసినట్టయింది ఆయనకు.

లోపల కంపు ఇంకా ఘోరంగా ఉంది. ఇనుముకు అంటుకున్న గవ్వపురుగులు చచ్చి కుళ్లుతున్నాయి. ఆ కంపు పైకి రాకుండా అగరొత్తులు వెలిగించారు. దానిపైన మాల్యాద్రి పూసుకున్న సెంటు. మేడ మెట్ల మొదటి మెట్టు మీద సూళ్లూరుపేట హోటలు నుంచి తెప్పించిన బిర్యానీ పొట్లాలు రెండు, నూనె కారుతూ. ఒంటరి మనిషికి రెండు పొట్లాలెందుకో. అన్నీ కలిసిన ఆ వాసనకు ఆయన పైపంచె చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

ముప్పై మంది దాకా ఉన్నారు. ఎవరో ఇనుముకు పసుపు పూసి బొట్లు పెట్టారు. కింద కొబ్బరిచిప్పలు. నిన్నటిదాకా ఇసుక బస్తాల మీద కూర్చున్న ఆ ఇనుము ఇవాళ పైకప్పు కొక్కేనికి కట్టిన నీలంరంగు తాడుకు వేలాడుతూ, నేలకు జానెడు ఎత్తున ఉంది. దాని ఎదురుగా బంతిపూల దండ ఒళ్లో పెట్టుకుని రోజారమణి కూర్చుని ఉంది. పది రోజులుగా ఆమె ఇంటి పని ముగించుకుని ఇక్కడికే వస్తోంది. అడిగితే మాట్లాడదు. తండ్రి వచ్చింది చూసి కూడా కదల్లేదు.

మాల్యాద్రి ఫోనును కర్రకు బిగించి లైవ్ మొదలుపెట్టి ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, మెత్తటి గొంతు. నిన్న రాత్రి ఇనుము దానంతట అదే రెండడుగులు లేచిందని, ఎగిరిపోకుండా తాడు వేసి కట్టామని చెబుతున్నాడు. ముసలామె ఒకతె చెంపలు వేసుకుంది. తర్వాత అతను కడియం దగ్గరికి ఫోను తీసుకెళ్లి, ఈ అతుకు చూడండి, ఈ గడ్డలు చూడండి, భూమ్మీద ఏ యంత్రమూ ఇట్లా అతకలేదు అన్నాడు.

"అది నిజమే," అన్నాడు తిమోతి గుంపులోంచి. "కరెంటు పోతే ఏ యంత్రమూ అతకలేదు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. మాల్యాద్రి నవ్వలేదు. ఫోనును అటు తిప్పకుండానే, మాట్లాడమన్నట్టు తిమోతికి సైగ చేశాడు. తిమోతి సంగతంతా చెప్పాడు. ఇనుము ఎవరిది, ఏ ఏడు, ఎవరి దొడ్లో, కరెంటు ఎప్పుడు పోయింది. జనం కామాక్షయ్య వైపు చూశారు. ఆయన ముందుకు వచ్చి, ఔను, ఇది నాదే, నేనే దించాను అన్నాడు.

ఆ మాటతో అంతా సర్దుకుంటుందని ఆయన అనుకున్నాడు. నిజం చెప్పాక ఇంకేముంటుంది? కానీ మాల్యాద్రి మొహంలో కంగారు లేదు. ఇట్లాంటి పెద్దమనుషుల్ని చాలామందిని చూశానన్నట్టు తల ఊపాడు. ప్రతి ఊళ్లోనూ సరిగ్గా ఇదే జరుగుతుందని, సాక్ష్యం బయటపడగానే అది మా ఇంటి సామానని ఎవరో ఒకరు వస్తారని, వాళ్లను ఎవరు పంపుతారో చూసేవాళ్లే ఆలోచించుకోవాలని ఫోనుకు చెప్పాడు. కామాక్షయ్యకు చెప్పలేదు, ఫోనుకు చెప్పాడు. ఆ తర్వాతే ఆయన వైపు తిరిగాడు.

"పెద్దాయనా, మీ మీద నాకు కోపం లేదు. మీ అల్లుడు బతికుండాడని నేను చెప్తా ఉండా. చచ్చిపోయినాడని మీరు చెప్తా ఉండారు. మీ కూతురికి ఎవరి మాట కావాలో ఆమెనే అడగండి."

జనం రోజారమణి వైపు తిరిగారు. తిమోతి తల దించుకున్నాడు.

కామాక్షయ్యకు ఒంటి మీద జెర్రి పాకినట్టనిపించింది. దొంగను దొంగా అనవచ్చు. తాగుబోతును చెయ్యి పట్టి బయటికి నెట్టవచ్చు. వీడిని ఏమనాలి? ఆశ పెట్టేవాణ్ని ఏ పేరుతో తిట్టాలి? పక్కనే దీవి మీద నుంచి రాకెట్ లేచినప్పుడల్లా ఈ కుప్పంలో ఆడామగా బయటికొచ్చి చూస్తారు. అది పోయే రోజున వేటకు పోవద్దంటే మానుకుని, ఒడ్డున కూర్చుని, మన పిల్లలు చేసింది బాగా పోవాలని దండం పెట్టుకున్న రోజులు ఆయనకు ఎన్నో. రాత్రింబవళ్లు కష్టపడి మనుషులు చేసినదాన్ని, ఇది మనుషుల వల్ల కాదు, ఎక్కడి నుంచో తెచ్చుకున్నారు అంటాడు వీడు. తిమోతి చేతి అతుకునూ అట్లాగే అన్నాడు. మనిషి చేతి మీద ఎందుకింత చిన్నచూపు?

మళ్లీ ఆయన మనసే ఆయన్ను అడిగింది. నువ్వు మాత్రం? కనపడని స్వామికి శనివారాలు పస్తులుంటున్నావు గదా, వీళ్లు కనపడని ఇంకెవరినో నమ్మితే నీకెందుకంత రోత? జవాబు ఎదురుగానే కనబడింది. మాల్యాద్రి ఫోనును తీసుకెళ్లి రోజారమణి ముఖానికి మూరెడు దూరంలో పెట్టాడు. స్వామి ఎన్నడూ ఆ పని చెయ్యలేదు. ఏడుస్తున్న మనిషి ముఖం దగ్గరికి వచ్చి, ఇంకొంచెం ఏడువు అని అడగలేదు.

"చెప్పమ్మా," అంటున్నాడు మాల్యాద్రి. "పోయే ముందు ఒక రాత్రి సముద్రం మీద వెలుతురు చూసినానని ఆయన నీతో అన్నాడు గదా. ఈ తల్లి మీద ప్రమాణం చేసి చెప్పు."

తల్లి అంటున్నది ఆ ఇనుమును. రోజారమణి కళ్లెత్తి ఇనుము వైపు కాదు, దాని పైకి, తాడు వైపు చూసింది.

ఇక చాలనుకున్నాడు కామాక్షయ్య. ఆ ఇనుమును కిందికి దించేస్తే సగం పీడ వదులుతుంది. నాది నేను తీసుకుపోతాను, ఎవరు అడ్డం వస్తారో చూస్తాను అనుకుని నేరుగా వెళ్లి కడియం మీద చెయ్యి వేశాడు. మాల్యాద్రి ఏదో అనబోయి, ఇది కూడా చూసేవాళ్లకు బాగుంటుందనుకున్నాడేమో, ఫోను ఇటు తిప్పాడు.

ముడి విప్పడానికి కామాక్షయ్య వేళ్లు తాడు మీదికి పోయాయి. కళ్లకంటే ముందు వేళ్లకు తెలిసింది.

కొత్త తాడు. నాచు లేదు, ఉప్పు పట్టలేదు. ముడి మాత్రం పాతది, ఆయన ఇంట్లోది. రెండు చుట్లు చుట్టి, కొసను కిందినుంచి తెచ్చి బిగించే ముడి. కుప్పంలో మగవాళ్లంతా అదే వేస్తారు, అందరి కొసా కుడి పక్కకే వస్తుంది. ఈ కొస ఎడమకు వచ్చింది. పెంచల్‌ది ఎడమచేతి వాటం. పెళ్లయిన కొత్తలో ఆ ముడి చూసి కామాక్షయ్య కోప్పడ్డాడు, చీకట్లో ఇంకొకడు విప్పాలంటే తడబడతాడని. ఏడాది పాటు మార్చాలని చూసి, చివరికి నవ్వి వదిలేశాడు. అద్దంలో చూసినట్టుండే ఆ ముడిని ఈ కోస్తాలో వేసే చెయ్యి ఒక్కటే.

రీచార్జి కొట్టు నడిపిన మనిషికి ఈ ముడి రాదు. సముద్రం అడుగున ఈ ఇనుము ఎక్కడుందో కూడా తెలియదు. ఆ చోటు ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో తాను తియ్యలేదు.

అల్లుడు బతికే ఉన్నాడు.

ఆ మాట తోచగానే సంతోషం రావాలి. రాలేదు. నలభై మూడు ఉదయాలు గుర్తుకొచ్చాయి ఆయనకు. తెల్లవారకముందే ఒడ్డు వెంట నడిచి, సముద్రం తెచ్చి పడేసిన ప్రతిదాని దగ్గరికీ వెళ్లి చూసిన ఉదయాలు. ఒకసారి ఉబ్బిపోయిన దూడ. ఇంకోసారి చాపచుట్ట. దాన్ని కర్రతో విప్పి, లోపల ఏమీ లేదని తెలిశాక ఇసుకలో కూలబడి స్వామికి దండం పెట్టుకున్నాడు. అప్పుడు అల్లుడెక్కడో కూర్చుని అన్నం తింటున్నాడు. పెళ్లాం చెయ్యి నరికి గోడకు తగిలించిన ఫ్లెక్సీ కింద, తాను దానంగా ఇచ్చిన చోటినుంచే ఈ ఇనుమును పైకి లాగి, ఈ తాడుకు కట్టాడు. ఇందాకటిదాకా మాల్యాద్రి మీద ఉన్న రోత అంతా ఒక్కసారి తన ఇంటి గడప లోపలికి వచ్చి కూర్చున్నట్టయింది. మాల్యాద్రి పరాయివాడు. కాళ్లు కడిగి కన్యాదానం చేసింది పెంచల్‌కు గదా.

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఫోను ఇటే చూస్తోంది. లోకమంతా వింటోంది. విననీ.

అంతలో బంతిపూల దండ ఒకటి వచ్చి ఆయన వేళ్ల మీద, ముడి మీద పడింది. ఇనుముకు దండ వేస్తున్నట్టే రోజారమణి లేచి వచ్చి దగ్గరగా నిలబడింది. ఫోనుకు వీపు పెట్టి నిలబడింది. పెదవులు కదలకుండా మాట్లాడింది.

"చెప్పొద్దు నాయనా."

కామాక్షయ్య కూతురి ముఖంలోకి చూశాడు. పది రోజులుగా ఈ ముఖంలో తాను చూసింది పిచ్చి నమ్మకం అనుకున్నాడు. అది కాదు. కాపలా కాసే మనిషి ముఖం అది.

"ఈ ఇనుము మన దొడ్లో ఉన్నప్పుడు దీనిమీద ఎక్కి కూర్చునేదాన్ని, గుర్తుందా? తెచ్చిన రోజే నాకు తెలిసింది. నువ్వు తియ్యలేదు. మరి తీసిందెవురు? అందుకే రోజూ వచ్చి ఈ రోత కంపులో కూర్చుంటా ఉండా. కనిపెట్టినామని తెలిస్తే మళ్లీ దొరకడు."

"వాడు... నీతో..."

"నాతో మాట్లాడలా. నన్ను చూడనన్నా చూడలా." ఆమె దండ సర్దుతున్నట్టు ఇంకొంచెం వంగింది. "నిన్న సాయంత్రం నేను పోయేటప్పటికి ఇది కిందనే ఉంది. ఈ తాడు లేదు. పొద్దున అందరికన్నా ముందు వచ్చింది నేనే. రాత్రంతా షెల్టర్ వాకిలి మీద కన్నేసే ఉండా, లోపలికి ఎవురూ రాలా, బయటికి ఎవురూ పోలా."

కామాక్షయ్య మెల్లగా తల తిప్పాడు. మెట్ల మీద నూనె కారుతున్న పొట్లాలు రెండు. మెట్లు ఎక్కితే మేడగది. అందులో విలువైన పరికరాలున్నాయని, ఎవరూ పైకి పోకూడదని మాల్యాద్రి మొదటిరోజే పెద్దల చేత చెప్పించి తాళంచెవి పుచ్చుకున్నాడు.

ఒక్క తన్ను తన్ని తలుపు తీయించి, ఆ మనిషిని మెడ పట్టి కిందికి ఈడ్చుకు రావాలన్నంత కసితో ఆయన పైకి చూశాడు. చూసినవాడు అట్లాగే నిలబడిపోయాడు.

దాక్కున్న మనిషైతే లోపల గడియ పెట్టుకుంటాడు.

మేడగది తలుపుకు రెండు తాళాలు వేసి ఉన్నాయి, రెండూ బయటినుంచి. ఆయన ఎటు చూస్తున్నాడో గమనించి, పది రోజుల్లో మొదటిసారిగా, మాల్యాద్రి ఫోను ఆపేశాడు.